ఇద్దరి బరువు

ఆసుపత్రి రెండో అంతస్తు, బరువు తగ్గించే ఆపరేషన్ల విభాగం. ఆహార సలహాదారు గదిలో, పాత పేపర్ల కొట్టు నడిపే అక్కాచెల్లెళ్ళు ఆవిడకి ఎదురుగా కూర్చున్నారు.

“...పొద్దున రెండు రొట్టెలు మేడమ్. రాసుకోండి. మధ్యాహ్నం అన్నం, ఒక్కసారే పెట్టుకుంటుంది.”

“నేను ఆవిణ్ణి అడిగానండీ.”

“అది చెప్పదు మేడమ్, సిగ్గు. అక్కగా నేనే చెప్పాలి. పొద్దున రెండు రొట్టెలు.”

“నాలుగక్కా.”

“నాలుగెప్పుడు తిన్నావే?”

“నువ్వు కిందికెళ్ళి షట్టర్ తీస్తావు చూడు. అప్పుడు.”

“సరే, నాలుగు రాసుకున్నాను. చూడండి, ఆపరేషన్ మీ చెల్లెలికి. జవాబులు కూడా ఆవిడే చెప్పాలి.”

“మాకలా విడివిడిగా ఉండదు మేడమ్. ఏదైనా ఇద్దరికీ కలిపే.”

“కడుపు మాత్రం ఎవరిది వాళ్ళకేగా.”

“అది నిజమే డాక్టరమ్మా.”

“నేను డాక్టర్ని కాదండీ. ఆపరేషన్ అంటే ఏమిటో, ముందేం తినాలో, తర్వాతేం తినాలో చెప్పడం నా పని. కోసే ఆయన లోపలుంటారు.”

“డాక్టరమ్మా, ఈ కుర్చీకి చేతులెందుకు లేవు?”

“నేనే తీయించాను.”

“మంచిపని చేశారు. బ్యాంకులో ఒకసారి ఇరుక్కుపోయాను. నేను లేస్తే కుర్చీ కూడా లేచింది. మేనేజరొచ్చి లాగాడు.”

“అవన్నీ ఇప్పుడెందుకే చిన్నీ.”

“చిన్నీనా?”

“పుట్టినప్పుడు చిన్నగానే ఉంది మేడమ్. అప్పుడు పెట్టిన పేరు. మార్చడానికి తీరిక దొరకలేదు.”

“బాగుంది. బయట సిస్టర్ మీ బరువు చూసింది కదా. నూట ఇరవై ఎనిమిది.”

“తప్పు.”

“ఏది తప్పండీ?”

“మీ మిషను. దీని బరువు నూట పది. నాదీ నూట పదే. పోయిన నెలే చూసుకున్నాం.”

“ఎక్కడ చూసుకున్నారు?”

“మా కొట్లో. కట్టలు తూచే పెద్ద కాటా ఉందిగా. నెలకోసారి, కొట్టు తెరవకముందు ఎక్కుతాం. ముల్లు రెండొందల ఇరవై దగ్గర ఆగుతుంది. ఎప్పుడూ అక్కడే.”

“రెండొందల ఇరవై ఏమిటి?”

“ఇద్దరికీ కలిపి.”

“ఇద్దరూ ఒకేసారి ఎక్కుతారా?”

“ఎక్కి సగం చేసుకుంటాం డాక్టరమ్మా. మా నాన్న పెట్టిన పద్ధతి. చిన్నప్పుడు విడిగా ఎక్కితే, ఎక్కువ తూగినవాళ్ళు అన్నం మానేసి ఏడ్చేవాళ్ళు. ఆయన విసిగిపోయి ఇద్దర్నీ ఒకేసారి ఎక్కించి, సగం నీది, సగం దానిది, ఇక పొండి అన్నాడు.”

“ఇప్పటికీ అంతేనా?”

“ఇప్పుడు మార్చుకుని ఏం చేస్తాం.”

“అంటే మీ ఇద్దరిలో ఎవరికీ తన బరువు తెలీదు.”

“తెలియకేం మేడమ్. సగం.”

“మీ చెల్లెలిది నూట ఇరవై ఎనిమిదైతే, మీది తొంభై రెండు అవుతుంది.”

“మీ మిషను బాగుచేయించుకోండి.”

“ఒక్కసారి మీరూ ఎక్కండి. ఊరికే చూద్దాం.”

“నేనెందుకెక్కాలి? ఆపరేషన్ నాకు కాదుగా. ఇప్పుడే మీరన్నారు.”

“అక్క నేను లేకుండా ఎక్కదు డాక్టరమ్మా.”

“నువ్వు ఊరుకో. మేడమ్, తర్వాతేంటో అడగండి.”

“తర్వాత ఒకటే. ఆపరేషన్ అయ్యాక ఏమవుతుందనుకుంటున్నారు? మీరు కాదు, ఆవిడ.”

“కింద గోడమీద బొమ్మ ఉంది కదా. ఒకావిడ పాత ప్యాంటులో రెండు కాళ్ళూ ఒకేవైపు దూర్చి నవ్వుతోంది. అలా అవుతుందని అక్క చెప్పింది.”

“మీరేమనుకుంటున్నారు?”

“నేను ప్యాంటు వేసుకోను.”

“ఫొటోలో కనపడనివి కొన్ని చెప్తాను. కడుపుని నిలువుగా కోసి, ముప్పావు వంతు తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. తీసింది మళ్ళీ పెట్టడం కుదరదు. ముందు కొన్ని వారాలు నీళ్ళలాంటివే. తర్వాత మెత్తగా. ఆ తర్వాత కూడా పిడికెడు తిని ఆపాలి. ఆపకపోతే వాంతి.”

“పిడికెడా? ఎవరి పిడికెడు, నాదా మీదా?”

“మీ పిడికెడే అనుకోండి.”

“కాస్త నయం.”

“కొన్ని నెలలు జుట్టు ఊడుతుంది. విటమిన్ మాత్రలు బతికున్నంతకాలం వేసుకోవాలి. చర్మం వేలాడుతుంది, అది వ్యాయామంతో పోదు. కుట్ల దగ్గర లోపల కారడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, ఇలాంటివి అరుదు. అరుదంటే జరగవని కాదు. నూటికో కోటికో అని తేలిగ్గా చెప్పి సంతకం పెట్టించుకోను.”

“మరి సన్నబడుతుంది కదా మేడమ్?”

“ఏడాదిన్నరకి ఎనభై అయిదు, తొంభై దగ్గర ఆగొచ్చు. అరవై కాదు. ఆ తర్వాత కొంత మళ్ళీ పెరగొచ్చు కూడా.”

“ఇంత చేసి తొంభయ్యా?”

“తొంభై అంటే నీ అంతే కదక్కా.”

“నేను నూట పదే.”

“ఊరికే అన్నాను. డాక్టరమ్మ లెక్క.”

“సిస్టర్ పిలుస్తోంది వెళ్ళు. రక్తం తీస్తారట. చెప్పులుండనీ, మళ్ళీ పట్టీ పెట్టడానికి వంగాలి నేను.”

చెల్లెలు రక్తపరీక్షకి వెళ్ళింది.

“మేడమ్, అది వచ్చేలోపు అడిగేస్తాను. ఆపరేషన్ అయిన ఎన్నాళ్ళకి దాని కాలిగోళ్ళు అది తీసుకోగలదు?”

“అదేం ప్రశ్నండీ?”

“చెప్పండి. చెప్పుల పట్టీ పెట్టుకోవడం, వీపు కడుక్కోవడం, ఇంకా... అన్నీ మీతో చెప్పక్కర్లేదు. రాత్రి మంచం మీద ఇటునుంచి అటు తిరగడం. దానంతట అది.”

“ఇప్పుడెవరు చేస్తున్నారు?”

“నేనే. తిరగాలంటే మోచేత్తో నన్ను పొడుస్తుంది, నేను లేచి తోస్తాను. మెట్లు కూడా. మా ఇల్లు కొట్టు మీదే. అది ముందెక్కుతుంది, నేను వెనక చెయ్యి ఆనించి ఉంటాను. నేను ఆపగలనని కాదు. పడితే ఇద్దరం పడతాం. చెయ్యి ఉంటే దానికి ధైర్యం.”

“మనిషి మనిషికీ తేడా ఉంటుంది. ఏడాది అనుకోండి. కొందరికి ముందే వస్తుంది.”

“ఏడాదికి ముందంటే ఎంత ముందు?”

“మీకెందుకంత తొందర?”

“ఊరికే.”

“ఇందాకట్నుంచీ చూస్తున్నాను. మీ జాకెట్టు చేతులు లోపలికి కుట్టి ఉన్నాయి.”

“వదులైంది.”

“మీ మెడదగ్గర ఎముక కూడా కనిపిస్తోంది. మీరు తగ్గాలని ఏమీ చేయట్లేదు కదా?”

“మీ మిషను మంచిదే మేడమ్. అక్కడ కూడా తొంభై రెండే చూపించింది.”

“ఎక్కడ?”

“వేరే ఆసుపత్రి. కడుపులో గడ్డ. కోసి తీసే దశ దాటిందన్నారు. నొప్పికి మాత్రలిచ్చారు, పెద్ద డాక్టరు చాలా మంచివాడు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చెప్పాడు. ఏడాది చూస్తే అదృష్టం అన్నాడు.”

“ఇంట్లో ఇంకెవరున్నారు?”

“ఎవరున్నారు. నా మొగుడు పోయి చాలాకాలమైంది. దానికి పెళ్ళి కాలేదు. మేమిద్దరమే.”

“ఆవిడకి చెప్పారా?”

“లేదు.”

“చెప్పాలండీ.”

“ముందు దీని పని అవ్వాలి. ఆపరేషన్ అయ్యాక మొదట్లో దానికి మనిషి తోడు కావాలిగా. ఆ మనిషిని నేనే. ఇప్పుడైతే నిలబడగలను. ఇంకో నాలుగు నెలలు పోతే నిలబడతానో లేదో. నేను లేని రోజు అది మంచంమీద ఎటూ తిరగలేక పడుంటే ఎవరు తోస్తారు మేడమ్?”

“మీ బాధ అర్థమైంది. కానీ ఇది తెలీకుండా ఆవిడ సరే అంటే, అది ఆవిడ అన్న సరే కాదు. మీరన్నదే.”

“తెలిస్తే చేయించుకోదు.”

“చేయించుకోకపోవడానికి కూడా ఆవిడకి హక్కుంది.”

“మీకు అక్కచెల్లెళ్ళున్నారా?”

“లేరు.”

“అదీ.”

“మీ జబ్బు సంగతి నేను చెప్పను. చెప్పాల్సింది మీరు. కానీ ఆవిడతో విడిగా మాట్లాడకుండా తేదీ మాత్రం ఇవ్వలేను.”

“మాట్లాడండి. నేను నేర్పిందే చెప్తుంది.”

“మరి కాసేపు మీరు బయట కూర్చోండి.”

“కూర్చుంటాను. బయట కుర్చీలకి కూడా చేతులు తీయించారు, చూశాను.”

అక్క బయటికెళ్ళింది. చెల్లెలు మోచేయి మడిచి దూదిని అదిమిపట్టి వచ్చింది.

“అక్కేది?”

“నేనే బయట కూర్చోమన్నాను. మీతో విడిగా మాట్లాడాలి.”

“నాతో విడిగానా? నాకలవాటు లేదు.”

“నెమ్మదిగానే మాట్లాడదాం. మీకు ఈ ఆపరేషన్ చేయించుకోవాలనుందా?”

“అక్కకి...”

“అక్క సంగతి కాదు.”

“ఉంది. నిజంగానే ఉంది. మెట్ల మధ్యలో ఆగకుండా ఇంటికెక్కాలి. మోకాళ్ళు రాత్రిపూట మంటలు. షుగరు మాత్రలు రెండయ్యాయి. సన్నబడాలని పెద్దగా ఏం లేదు, సన్నబడి ఎవరికి చూపించను, పాత పేపర్లకా.”

“షుగరు చాలామందికి తగ్గుతుంది, అందరికీ కాదు. మోకాళ్ళమీద భారం తగ్గుతుంది. కానీ అరిగింది తిరిగి రాదు.”

“అరిగింది తిరిగి రాదు. సరే.”

“ఇంకోటి. కొందరు ఆకలి లేకపోయినా తింటారు. బాధకి, ఒంటరితనానికి, దేనికో. కడుపు చిన్నదైనా ఆ కారణం అలాగే ఉంటుంది. అందుకే అడుగుతున్నాను, మీరు ఎప్పుడైనా ఒక్కరే బరువు చూపించుకున్నారా?”

“రెండేళ్ళ కింద, షుగరు డాక్టరు దగ్గర. నూట పదో ఎంతో.”

“అప్పట్నుంచి పద్దెనిమిది కిలోలు పెరిగారు.”

“తిన్నాను.”

“ఎందుకు?”

“ఆకలి.”

“షట్టర్ తీసేటప్పుడు తినే రొట్టెలు కూడా ఆకలికేనా? చెప్పకపోయినా ఫరవాలేదు.”

“ఆకలికి కాదు. అవి అసలు దిగవు. నీళ్ళు తాగి మింగుతాను.”

“మరెందుకు?”

“తలుపు వేసుందా డాక్టరమ్మా?”

“వేసే ఉంది.”

“పోయినేడు ఒక నెల మామూలుగానే ఎక్కాం. ముల్లు రెండొందల పదహారు దగ్గర ఆగింది. అక్క దిగి మళ్ళీ ఎక్కింది. మళ్ళీ అంతే. కాటా పాడైందంది. బాగుచేసేవాణ్ణి పిలిచింది. వాడు ఇరవై కిలోల రాయి పెట్టి చూపించాడు. సరిగ్గా ఇరవై. వాడు వెళ్ళాక అక్క ఆ రాయి వైపే చూస్తూ కూర్చుంది. అన్నం తినలేదు.”

“మీకేమనిపించింది?”

“తగ్గింది నేను కాదని తెలుసు. నా బట్టలు నాకు బిగుతుగానే ఉన్నాయి.”

“ఊఁ.”

“మర్నాటినుంచి నాలుగు రొట్టెలు. మధ్యాహ్నం అక్క కట్టలు సర్దే టైములో ఇంకోసారి అన్నం. రెండు నెలలకి ముల్లు పాత చోటికొచ్చింది. ‘చూశావా చిన్నీ, వాడు చెయ్యి పెడితే ఎంత పాత కాటా అయినా మాట వింటుంది’ అంది. ఆ పూట బాగా తింది. నవ్వింది కూడా.”

“అప్పట్నుంచి...”

“తను తగ్గినంత నేను. ప్రతి నెలా. తప్పేనంటారా?”

“తప్పా ఒప్పా చెప్పే గది కాదిది. ఆవిడకి ఏమిటో మీకు తెలుసా?”

“జబ్బు పేరు తెలీదు. మీకు తెలిసినా చెప్పొద్దు. మాత్రలు అయిపోయిన అట్టలు తెచ్చి పాత పేపర్ల కట్టల మధ్య పెట్టేస్తుంది. మా కొట్లో ప్రతి కట్టా నా చేతిమీదుగానే వెళ్తుంది. ఆ సంగతి మర్చిపోయింది.”

“అడగొచ్చు కదా ఆవిణ్ణి?”

“అడిగి? ఇప్పుడైతే నొప్పొచ్చినప్పుడు బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. నేను రేడియో కాస్త పెంచుతాను. లోపల మూలిగినా వినపడదని తనకి ధైర్యం. నాకు తెలుసని తెలిస్తే మూలగడం కూడా మానేస్తుంది.”

“మీరిద్దరూ ఒక్కసారి మాట్లాడుకుంటే బాగుండేది.”

“మేం మాట్లాడుకుంటూనే ఉంటాం డాక్టరమ్మా. పొద్దున్నుంచి రాత్రిదాకా.”

“సరే. మీ వరకు వినండి. ఇప్పుడు చేయించుకోవచ్చు. ఆరునెలలాగి చేయించుకోవచ్చు. అసలు మానేసి మందులు, తిండి, నడక ఇవి చూసుకోవచ్చు. దేనికీ నేను కోప్పడను. ఇవాళే చెప్పక్కర్లేదు.”

“ఆగితే నా పేరు తీసేస్తారా?”

“తీయం.”

“ఎప్పుడొచ్చినా మీరే ఉంటారా?”

“ఉండడానికి ప్రయత్నిస్తాను.”

“ఈ కుర్చీలు?”

“ఉంటాయి.”

“అక్కని పిలవండి. పాపం ఒక్కతే కూర్చుంది.”

అక్క లోపలికొచ్చింది.

“అయిందా మేడమ్? ఏమంది?”

“తనకేం కావాలో తనే చెప్పింది.”

“నేను చెప్పమన్నవే చెప్పిందా?”

“ఒక్కటి కూడా చెప్పలేదు.”

“చూశారా, ఇంటిదగ్గర నాలుగుసార్లు చెప్పించాను. సరే, తేదీ ఎప్పుడు?”

“తేదీకి ముందు ఆపరేషన్ తర్వాతి జాగ్రత్తలున్నాయి. ఇద్దరూ వినండి. అయిన రోజే లేచి నడవాలి. నెలదాకా స్కూటరు ఎక్కకూడదు.”

“అది ఎక్కితే స్కూటరు కదలదు మేడమ్, దాని గురించి బెంగలేదు.”

“నీళ్ళు కొంచెం కొంచెంగా తాగాలి. తింటూ తాగకూడదు. ఆరు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు, బరువులు ఎత్తకూడదు. నిండు బిందె కూడా.”

“కట్టలెత్తడానికి మనిషిని మాట్లాడాను మేడమ్. వచ్చే వారంనుంచి వస్తాడు. నేను అన్నీ చూసే వచ్చాను. మీరు తేదీ వేయండి.”

“డాక్టరమ్మా.”

“చెప్పండి.”

“రెండు నెలలు ఏదీ ఎత్తకూడదా?”

“కూడదు. లోపల కుట్లు తెగుతాయి.”

“దానికేం పనుంది మేడమ్ ఎత్తడానికి. కాలు కింద పెట్టనివ్వను.”

“మరి మనిషిని?”

“మనిషినైనా అంతేనండీ.”

“ఎవర్ని ఎత్తుతావే నువ్వు, నిన్ను నువ్వే ఎత్తుకోలేవు.”

“అయితే నాకు ఇప్పుడు తేదీ వద్దు డాక్టరమ్మా.”

“ఏమైందే నీకు? ఇంత దూరం వచ్చాక వద్దంటావేంటి. ఎవర్ని ఎత్తాలట?”

“ఎక్కడికో కాదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూందాకా. అంతే. నిన్నే, అక్కా.”